ఓడ కెమెరా మా ఊరికి వచ్చినప్పుడు

నాతో ఒకే క్యాబిన్‌లో పడుకున్న మనిషి ఇంజను గదిలో కాలిపోయిననాటికి మా ఓడలో ఆ కెమెరా లేదు. అలాంటిది ఒకటి ఉంటుందని కూడా నాకు తెలియదు. అవి తొంభైల చివరి ఏళ్ళు. ఆ సరుకు ఓడలో నేను ఎలక్ట్రీషియన్‌ని. అతను మలయాళీ, ఇంజనుకు నూనె పోసి, తుడిచి, కనిపెట్టుకుని ఉండే పని అతనిది. వయసులో నాకంటే పెద్ద. నన్ను 'తమ్ముడూ' అని తెలుగులో పిలవడం నేర్చుకున్నాడు. ఒక మధ్యాహ్నం భోజనం చేసి, చేతులు తుడుచుకుంటూ కిందికి దిగాడు. జనరేటర్‌కు డీజిల్ తీసుకుపోయే సన్న గొట్టంలో వెంట్రుకంత పగులు వచ్చింది. అందులోంచి డీజిల్ పొగమంచులా చిమ్మి పక్కనున్న పొగగొట్టం మీద పడింది. ఆ పొగగొట్టం ఎప్పుడూ నిప్పులాగే ఉంటుంది. అందుకే దానికి వేడి బయటికి తగలకుండా మందపాటి పొర చుట్టి, పైన రేకు తొడుగుతారు. ఆ పొర ఒకచోట అతుకు విడిపోయి ఉంది. అంతే, అంటుకుంది.

మంట ఆర్పడానికి దిగినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ముఖానికి గాలి తొడుగు, చేతిలో గొట్టం. పొగలో చేయి చాపితే చేయే కనిపించలేదు. అతనికోసం ఇంజనుకు అవతలి వైపు దాకా తడుముకుంటూ పోయాం. పొగ తగ్గాక చూస్తే మెట్లకు దగ్గర్లోనే, గోడవారన పడి ఉన్నాడు. మేమందరం అతని పక్కనుంచే దాటి పోయాం. ఒడ్డు చేరకముందే ప్రాణం పోయింది. అతని దుప్పటి, గళ్ళ లుంగీ, సబ్బుపెట్టె మూటగట్టి ఇచ్చింది నేనే. చాలాకాలం నాకు ఆ మంటకంటే ఆ పక్కనుంచి దాటి పోవడమే మనసులో మెదిలేది.

ఆ ఏడు సెలవులో ఊరికి వచ్చినప్పుడు ఇంట్లో ఈ మాట ఎత్తలేదు. మాది బెళుగుప్పకు పడమటి వైపు చిన్న పల్లె. మాకు కొంత మెట్టచేను, నాలుగు మేకలు. వాన పడితే వేరుశనగ, పడకపోతే అదీ లేదు. అనంతపురంలో పాలిటెక్నిక్ చదివి, చెన్నై రేవులో ఓడలు బాగుచేసే షెడ్డులో పనికి చేరి, అక్కడినుంచి ఓడ ఎక్కాను. సముద్రం ఎలా ఉంటుందని నాయన ఎప్పుడూ అడగలేదు. అన్నం ఏం పెడతారు, బియ్యమా రొట్టెలా అని మాత్రం అడిగేవాడు. ఓడలో అంతా బాగుంటుందని చెప్పాను. ఆయన బీడీ ముట్టించుకుని, సరే అన్నట్టు తల ఊపాడు.

ఆ కెమెరా రెండువేల సంవత్సరం దాటాక, నేను ఎక్కిన మరో ఓడలోకి వచ్చింది. రేవులో ఉండగా కంపెనీవాళ్ళు నల్లటి గట్టి పెట్టెలో పెట్టి పంపారు. పెళ్ళిళ్ళలో వీడియో తీసేవాళ్ళ చేతిలో ఉండేదానిలాగే ఉంది. కానీ ఇది వెలుతురును చూడదు, వేడిని చూస్తుంది. చీకటైనా పొగైనా దానికి లెక్కలేదు. వేడిగా ఉన్నది తెరమీద తెల్లగా, చల్లగా ఉన్నది నల్లగా కనిపిస్తుంది. దాన్ని వాడటం నేర్పడానికి ఒక రోజు మెట్లగదిని ఉత్తుత్తి పొగతో నింపి, మాలో ఒకణ్ణి మూల దాచారు. నేను కెమెరా పట్టుకుని లోపలికి పోయాను. కళ్ళకు తెల్లటి పొగ తప్ప ఏమీ లేదు. తెరమీద మాత్రం మూల ముడుచుకుని కూర్చున్న మనిషి, అతని వేళ్ళతో సహా, స్పష్టంగా కనిపించాడు. నవ్వుతూ నాకు చేయి ఊపుతున్నాడు. అక్కడే మెట్టుమీద కూర్చుండిపోయాను. కొత్త సరంజామాకు అలవాటు లేక అనుకున్నారు మిగతావాళ్ళు.

నా పని స్విచ్‌బోర్డులది. ఓడ మొత్తానికి కరెంటు పంచే బీరువాల వంటి పెట్టెల వరుస అది. కరెంటు ఆపకుండానే తలుపు తీసి, దూరంనుంచి కెమెరాతో చూస్తే ఏ బోల్టు వదులైందో తెలుస్తుంది. వదులైనచోట వేడి పుడుతుంది, తెల్లగా వెలుగుతుంది. మెరిసే రాగి పట్టీలను మాత్రం నమ్మకూడదు. అవి అద్దంలా మన ఒంటి వేడినే మనకు చూపిస్తాయి. అందుకని వాటిమీద ముందే నల్ల టేపు ముక్క అంటించి, ఆ ముక్కను చూడాలి. అన్నిటికంటే పెద్ద పాఠం పోల్చి చూడటం. మూడు తీగలు ఒకే బరువు మోస్తున్నప్పుడు మూడూ ఒకేలా కనిపించాలి. ఒకటి తేడాగా ఉంటే దాని సంగతి చూడాలి. ఒకసారి మూడింటిలో ఒకటి నల్లగా కనిపించింది. చల్లగా ఉంది కదా, మంచిదే అనుకున్నాను. చీఫ్ ఇంజనీరు వెనకనుంచి చూసి, దానికి కరెంటే అందడం లేదు, ఫ్యూజు పోయింది, మిగతా రెండే మోటారును ఈడుస్తున్నాయి అన్నాడు. వేడి మాత్రమే జబ్బని అనుకోకు, అని కూడా అన్నాడు.

ఆ ఓడలోనే ఒక ఉదయం ఖాళీగా ఉండి, కెమెరాతో ఇంజను గదంతా ఊరికే చూసుకుంటూ పోయాను. స్విచ్‌బోర్డులు కాక మిగతావి నా పని కాదు. రెండో జనరేటర్ పొగగొట్టం మీద, రేకు తొడుగు అంచున, కత్తితో గీసినట్టు తెల్లటి చార కనిపించింది. సరిగ్గా దానిపైనే డీజిల్ గొట్టం. సెకండ్ ఇంజనీరును పిలిచాను. ఆయన వచ్చి రేకును చేత్తో తట్టి, గట్టిగానే ఉంది, ఏం కాలేదన్నాడు. నేను తెర చూపించాను. ఆ జనరేటర్ ఆపి, చల్లబడ్డాక రేకు విప్పారు. లోపలి పొర గోధుమరంగుకు తిరిగి, పిండితే కారేంతగా డీజిల్‌తో నాని ఉంది. పైన ఎక్కడో గొట్టం అతుకు దగ్గర చుక్క చుక్కగా కారుతూ, బయటికి కనబడకుండా, రేకు కిందికి దిగిపోతూ ఉంది. మేము రోజూ దాని పక్కనే నిలబడి టీ తాగేవాళ్ళం. సెకండ్ ఇంజనీరు ఆ తడి పొరను చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత జల్లెడలాంటి ఇనుప నేలమీద చతికిలబడి, మోకాళ్ళమీద తల పెట్టుకున్నాడు. నాకు ఆ గళ్ళ లుంగీ మూట కళ్ళముందు కనిపించింది.

పెళ్ళయ్యాక సముద్రం మానేశాను. చెన్నైలో ఒక చిన్న సంస్థలో చేరాను. రేవుకు వచ్చిన ఓడలు ఎక్కి, ఇలాంటి కెమెరాతో వాటి స్విచ్‌బోర్డులు, మోటార్లు, పొగగొట్టాలు చూసి, ఎక్కడ ఏం తేడా ఉందో చెప్పి దిగడం మా పని. కెమెరా చూపించే వేడి నిజమో కాదో అప్పుడప్పుడు బెంగళూరులో పరీక్ష చేయించాలి. ఒకసారి అలా పరీక్ష చేయించి తిరిగి వచ్చేటప్పుడు, చెన్నైలో ఓడ రావడానికి ఇంకా వ్యవధి ఉందని, కళ్యాణదుర్గం బస్సెక్కి ఊరికి వచ్చాను. పెట్టె నా ఒళ్ళోనే ఉంది. దాన్ని పోగొట్టుకుంటే నా బతుకు అంతేనని భయం.

చలికాలం. నాయన కొంచెం చిక్కినట్టు కనిపించాడు. కుడికాలి బొటనవేలి పక్కన గుడ్డపేలిక కట్టుకుని ఉన్నాడు. తుమ్మముల్లు గుచ్చుకుందని, మానడానికి మొండికేసిందని చెప్పాడు. చేలో తిరిగేవాళ్ళకు ముల్లు గుచ్చుకోవడం కూడా ఒక వార్తా అనుకున్నాను. పెట్టెలో ఏముందని అమ్మ అడిగింది. వేడిని చూసే కెమెరా అని, అది ఏం చేస్తుందో చెప్పాను. సాయంత్రంలోగా ఆ మాట ఊరంతా తిరిగి, తిరుగుతూ మారిపోయి, నేను బెంగళూరునుంచి భూమిలోపల చూసే మిషన్ తెచ్చానని అయింది.

పొద్దున ఇంకా ఎండ పొడవకముందే మా అరుగు దగ్గర జనం. అందరికంటే ముందు మా పక్కచేను మామ వచ్చాడు. నాయనకు చిన్ననాటినుంచి జత. ఆయన చేలో వేసిన బోర్లన్నీ దుమ్ము తప్ప ఏమీ ఇవ్వలేదు. నీళ్ళ జాడ చెప్తామని టెంకాయ అరచేతిలో పెట్టుకుని నడిచేవాళ్ళను, వేపకొమ్మ పట్టుకుని చూసేవాళ్ళను అందరినీ పిలిపించి అలసిపోయిన మనిషి.

"అల్లుడా, నీళ్ళు సల్లగుంటాయి గదా," అన్నాడు. "సల్లదనం దీంట్లో కనపడ్తాదంట గదా. మా చేన్లో ఒక తిరుగు తిరిగి చూడప్పా."

అది భూమి పైభాగాన్ని మాత్రమే చూస్తుందని, లోపలికి చూడదని చెప్పాను. ఆయన నమ్మలేదు. ఓడలో ఇనుప గోడలు దాటి చూసేది ఈడ మట్టిని దాటి చూడదా అన్నాడు. ఓడలోనూ గోడల్ని దాటి చూడదు, గోడ వేడెక్కితే ఆ గోడ వేడిని చూస్తుంది అన్నాను. అమ్మను అడిగి ఒక స్టీలు పళ్ళెం తెప్పించి, నా ముఖానికి అడ్డం పెట్టుకుని, కెమెరా ఆయన చేతికిచ్చి చూడమన్నాను. తెరమీద నా చెవులు, మెడ, భుజాలు ఉన్నాయి. ముఖం ఉండాల్సిన చోట పళ్ళెంలో ఆయన ముఖమే మసకగా ప్రతిఫలిస్తోంది. ఆయన కెమెరా దించి, పళ్ళేన్ని చూసి, మళ్ళీ ఎత్తి చూశాడు. ఆయన ముఖంలో ఆశ ఎలా ఆరిపోయిందో చెప్పలేను. నాకే ఏదో తప్పు చేసినట్టు అనిపించింది.

ఆ ఇబ్బంది పోగొట్టడానికి మిగతావాళ్ళకు తమాషాలు చూపించాను. మనుషుల ముక్కులు చలికి నల్లగా, నోళ్ళు తెల్లగా. కోళ్ళు తెల్లటి బంతుల్లా. మా ఇంటి బయటి గోడమీద, లోపల పొయ్యి ఉన్నచోటికి సరిగ్గా ఎదురుగా, తెల్లటి మచ్చ. ఎదురింటి అవ్వను పిలిచి గోడమీద అరచేయి ఆనించి, కాసేపుంచి తీయమన్నాను. ఆమె చేయి తీసేసింది. తెరమీద గోడకు చేయి అలాగే ఉంది, ఐదు వేళ్ళూ వెలుగుతూ, నెమ్మదిగా ఆరిపోతూ. చూస్తున్నవాళ్ళు నవ్వడం ఆపేశారు. అవ్వ తన అరచేతిని కొంగుతో తుడుచుకుని, అట్లాంటివి చూడకూడదు అని లోపలికి వెళ్ళిపోయింది.

నాయన ఈ సందడికి దూరంగా, అరుగు చివర రాతిబండమీద కూర్చున్నాడు. భుజాలమీద కంబళి, పంచె మోకాళ్ళపైకి, రెండు కాళ్ళూ ముందుకు చాపుకుని. మామ కెమెరా ఇంకా వదల్లేదు. నీళ్ళ ఆశ పోయినా వస్తువు మీద మోజు పోలేదు. నిన్ను గూడ చూస్తాం ఉండు బావా అంటూ కెమెరాను నాయనవైపు తిప్పాడు. నాయన ముఖం తిప్పుకున్నాడు. మామ కళ్ళు చికిలించి తెర చూసి, నావైపు తిరిగి అన్నాడు.

"ఏమల్లుడా, మీ నాయనకు దీంట్లో ఒక కాలే ఉండాదే."

అందరూ గొల్లున నవ్వారు. నాయన కూడా నవ్వాడు. నేనూ నవ్వుతూనే వెళ్ళి ఆయన భుజంమీదుగా తెరలోకి చూశాను.

ఎడమకాలు తొడనుంచి వేళ్ళదాకా తెల్లగా ఉంది. కుడికాలు మోకాలు దాటాక బూడిదరంగుకు తిరిగి, పిక్క సగంలో మసకబారి, అక్కడినుంచి లేదు. పాదం ఉండాల్సిన చోట రాతిబండ ఉంది. బండకూ పాదానికీ తేడా లేనంతగా రెండూ ఒకే నలుపు.

నా ముఖంమీది నవ్వు అలాగే ఉండిపోయిందనుకుంటాను, ఎందుకంటే మామ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. నేను కెమెరా తీసుకున్నాను. పరీక్ష చేయించుకొచ్చిన కెమెరా. అయినా మొదట దాన్నే అనుమానించాను. నా చెప్పులు విడిచి, నా కాళ్ళు చాపి చూసుకున్నాను. రెండూ తెల్లగానే ఉన్నాయి. మామ కాళ్ళు చూశాను. పాదాలు కొంచెం మసక, కానీ రెండూ ఒకేలా. మళ్ళీ నాయన కాళ్ళు చూశాను. తడి తగిలిందేమో, నీళ్ళు పోసుకున్నాడేమో అని అడిగాను. లేదన్నాడు. దగ్గరికి పోయి ఆ పాదం పట్టుకున్నాను. వేసవిలో నీళ్ళకుండ అడుగు ఎలా ఉంటుందో అలా ఉంది. చీఫ్ ఇంజనీరు నల్లటి తీగను చూపించి చెప్పిన మాట చెవిలో వినిపించింది. దీనికి అందడం లేదు.

నాయన కాలు వెనక్కి లాక్కున్నాడు. "ముల్లు గుచ్చుకున్న్యాది, అంతే. ఆ మిషన్ లోపల పెట్టు."

"ఎన్నాళ్ళనుంచి ఇట్లుండాది నాయనా?"

"చలికాలం. అందరికీ సల్లగానే ఉంటాది."

"ఎడమకాలికి లేదే చలి?"

ఆయన చెవి వెనకనుంచి బీడీ తీశాడు కానీ ముట్టించలేదు. చుట్టూ జనం ఇంకా తమాషా అయిపోలేదనే అనుకుంటూ నిలబడి ఉన్నారు. అప్పుడు అమ్మ వాకిట్లోకి వచ్చింది. చేతిలో చేట ఉంది. దాన్ని నేలమీద పెట్టి, నాయనను చూడకుండా నాతో చెప్పింది.

"ముల్లు ల్యాదు ఏం ల్యాదు రా. కాలు సల్లగా అయితాదని పొయ్యిలో ఇటికరాయి కాల్చి గుడ్డలో సుట్టి ఇస్తాండా. దాని మీద కాలు పెట్టుకుని పండుకుంటాడు. ఒకనాడు గుడ్డ పక్కకు పోయి కాలి బొబ్బ లేసింది. కాలినట్ల ఆయనకు తెలీనే లేదు. పొద్దున్నే నేను సూసినాను."

మామ వచ్చి నాయన పక్కన కూర్చుని, గుడ్డపేలిక విప్పమన్నాడు. నాయన ఒప్పుకోలేదు. మామ ఆయన చేతులు రెండూ ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో తానే విప్పాడు. కింద పుండు అంచులు ఎర్రగా లేవు. బూడిదరంగులో ఉన్నాయి. చీము లేదు, వాపు లేదు, నొప్పీ లేదట. రెండు వేళ్ళ కొసలు సీసపు రంగుకు తిరిగాయి. మామ మెల్లగా, ఇది మంచిది కాదప్పా, దీన్ని నేను మా చిన్నాయనకు చూసినాను, అన్నాడు. ఆయన చిన్నాయనకు ఏమైందో నేను అడగలేదు.

ఆ పూటే బయలుదేరాం. బస్సుదాకా నాయన నడుస్తానన్నాడు. నడిచాడు కూడా. కానీ కంకర దారిలో కొంచెం పోయి ఆగాడు. పక్కచేలోకి చూస్తూ, ఈసారి గడ్డి బాగుందన్నాడు. కొంచెం పోయి మళ్ళీ ఆగాడు. పిక్క పట్టేస్తోందా అని అడిగితే తల ఊపాడు. చేనికి పోయేటప్పుడు ఇన్నాళ్ళూ అలాగే ఆగి, బీడీ ముట్టించుకుని, ఆకాశాన్నో చేలనో చూస్తున్నట్టు నిలబడి, నొప్పి దిగాక మళ్ళీ నడిచేవాడట. వాన చూస్తున్నాడని అందరూ అనుకునేవారు. నేను వీపుమీద ఎక్కించుకుంటానంటే కోప్పడ్డాడు. చివరికి మామ ఎవరి సైకిలో తెచ్చి, వెనక కూర్చోబెట్టుకుని తోసుకుంటూ వచ్చాడు.

అనంతపురం పెద్దాసుపత్రిలో ఒక డాక్టరు చూశాడు. కుర్రవాడు, నిద్రలేని కళ్ళు. నేను కెమెరాలో దాచిన బొమ్మ చూపించబోతే, ఉండండి అని చేత్తో వారించి, నాయన పాదంమీద రెండు వేళ్ళు ఆనించాడు. కొంచెం జరిపి మళ్ళీ ఆనించాడు. మోకాలి వెనక, తర్వాత గజ్జలో. ఎడమకాలికీ అలాగే చేశాడు. రోజుకు ఎన్ని బీడీలు తాగుతావని అడిగాడు. నాయన కట్టల్లో చెప్పాడు. డాక్టరు నన్ను బయటికి పిలిచి, బీడీలకు రక్తనాళం మూసుకుపోయింది, తొడ కిందినుంచి రక్తం పారడం లేదు, వెంటనే బెంగళూరు తీసుకుపోండి, ఆలస్యం చేస్తే మోకాలిదాకా తీసేయాల్సి వస్తుంది అన్నాడు. తర్వాత, ఇప్పుడు ఆ బొమ్మ చూపించండి అన్నాడు. చూసి, ఇంత స్పష్టంగా నేనెప్పుడూ చూడలేదు అన్నాడు. ఇది ఏ ఆసుపత్రిదని అడిగాడు. ఓడలదని చెప్పాను. ఆయనకు అర్థం కాలేదు. విడమరచి చెప్పే ఓపిక నాకు లేకపోయింది.

చెన్నైలో ఓడ వచ్చేసింది. ఆసుపత్రి ఎదుటి ఎస్టీడీ బూత్‌నుంచి మా సంస్థ పెద్దాయనకు ఫోను చేశాను. ఆయన మొదట కెమెరా ఎక్కడుందని అడిగాడు. తర్వాత సంగతి విని, నువ్వు అక్కడే ఉండు, మనిషిని పంపిస్తానన్నాడు. బెంగళూరు ఆసుపత్రి వరండాలో నాతో పనిచేసేవాడికి పెట్టె అప్పగించాను. అతను పెట్టె తీసుకుని మెట్లు దిగుతుంటే, ఒళ్ళో బరువు పోయినట్టూ, చేతికున్న ఆధారమేదో పోయినట్టూ అనిపించింది.

పెట్టె ఇవ్వకముందు ఒక సంగతి జరిగింది. నాయన మంచంమీద పడుకుని ఉన్నాడు. పక్కరోజు ఆపరేషను. ఎడమకాలినుంచి ఒక రక్తనాళం తీసి, కుడికాలిలో మూసుకుపోయిన చోటును దాటించి అతుకుతామని చెప్పారు. వేళ్ళ సంగతి అప్పుడు చూస్తామన్నారు. ఆ బొమ్మ చూపించమని నాయన నన్ను అడిగాడు. నేను తటపటాయించాను. అయినా చూపించాను. తెర దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. తనను తాను అలా చూసుకోవడం ఏ మనిషికైనా ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఆయన ముఖంలో బెదురు నేను మొదటిసారి చూశాను. కరువులో మేకలన్నీ అమ్మినప్పుడు కూడా అది చూడలేదు.

"ఇది యాడికి పోయింది రా?" అన్నాడు. కాలును అడుగుతున్నాడని తెలియడానికి నాకు కొంచెంసేపు పట్టింది.

"యాడికీ పోలేదు నాయనా. ఉండాది. రక్తం రాలేదు, అంతే."

"తీసెయ్ ఆ బొమ్మ. నేను చచ్చినట్ల ఉండాది."

ఆయన చూస్తుండగానే చెరిపేశాను. డాక్టర్లు దాన్ని ఉంచితే బాగుండునన్నారు. లేదని చెప్పాను.

కాలు దక్కింది. రెండు వేళ్ళు దక్కలేదు. ఆపరేషను తర్వాత నర్సు వచ్చి పాదంమీద చేయి పెట్టి చూసి, అమ్మ చేయి పట్టుకుని అక్కడే పెట్టించింది. అమ్మ చేయి తీయలేదు. వరండాలో మందుల చీటీ పట్టుకుని నిలబడ్డ నాకు అమ్మ వీపు మాత్రమే కనిపించింది. బీడీలు మానేయడం మాత్రం అంత తేలిగ్గా జరగలేదు. ఊరికి వెళ్ళాక మామ దగ్గర దొంగతనంగా అడిగి తాగబోయాడట. మామ తన కట్ట కూడా పొయ్యిలో వేసి, ఇద్దరూ కొన్నాళ్ళు మాట్లాడుకోలేదు.

మామ ఆ ఏడే మళ్ళీ బోరు వేయించాడు. ఎవరి మాటా వినలేదు. నీళ్ళు పడలేదు. నాతో ఆ ప్రస్తావన తేలేదు.

నేను పనికి తిరిగి వెళ్ళాక ఎక్కిన మొదటి ఓడలో స్విచ్‌బోర్డు తలుపు తీసి, కెమెరా ఎత్తి, మూడు తీగల్ని చూశాను. మూడూ ఒకేలా, సన్నగా, వెచ్చగా వెలుగుతున్నాయి. ఏ తప్పూ లేదు. అయినా అక్కడే నిలబడిపోయాను. ఓడ ఎలక్ట్రీషియన్ భయపడి, ఏమైంది సార్, ఏమన్నా ఉందా అని అడిగాడు. ఏమీ లేదన్నాను. ఆ తర్వాత ఎన్నో ఓడల్లో ఎన్నో దోషాలు ఆ తెరమీద చూశాను. వదులై వేడెక్కిన బోల్టులు, అరిగిన బేరింగులు, పొర విడిపోయిన పొగగొట్టాలు. ఏదీ నన్ను అలా కదిలించలేదు. కానీ ఏ ఇంజను గదిలోనైనా పనిచేసేవాళ్ళు తెరలోకి వస్తే, నా చూపు ముందు వాళ్ళ కాళ్ళమీదికే పోతుంది. ఈ అలవాటు ఇప్పటికీ పోలేదు.

మరుసటి ఏడు తొలకరి మాకు వేళకు పడింది. వారం సెలవు పెట్టి ఊరికి వెళ్ళాను. కళ్యాణదుర్గంలో ఒక చెప్పులు కుట్టేవాడు నాయన పాదానికి కొలత తీసుకుని, వేళ్ళు లేనిచోట మెత్త పెట్టి చెప్పు కుట్టిచ్చాడు. విత్తే రోజు దాన్ని తొడుక్కోవా అంటే, చేలోకి చెప్పుతో పోతే భూమికి కోపమని విడిచేశాడు. కూలివాళ్ళు గొర్రు తోలుతుంటే అమ్మ విత్తనం వదులుతోంది. నాయన వాళ్ళ వెనక మొదటి సాలు చివరిదాకా నడిచాడు. మధ్యలో ఆగలేదు. గట్టుమీద కూర్చుని, పాదానికి అంటిన తడిమట్టిని పుల్లతో గీక్కుంటూ, విత్తనం లోతుగా పడుతోంది, కొంచెం పైకి పట్టండి అని కూలివాళ్ళమీద కేకలేశాడు.